ఆన్‌లైన్ పాఠం, తరగతి పాఠం: ఏది ఎంత నేర్పిందో కొలిచేదెలా?

డిగ్రీ మొదటి ఏడాదికి అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకులు, ఇదే అంశంపై పరిశోధన చేస్తున్నవారు పంపిన ప్రశ్నలివి. వెబ్ ద్వారా చెప్పిన పాఠం పిల్లలకు ఎంత వంటపట్టిందో నమ్మకంగా చెప్పగలమా అన్నదే అందరి సందేహం. చెప్పగలం. కాకపోతే ఆ లెక్క సెమిస్టర్ మొదటి వారంలోనే మొదలవ్వాలి. పరీక్షలయ్యాక మొదలుపెడితే సగం దారులు మూసుకుపోతాయి.

ప్రశ్న: మా కాలేజీలో సూక్ష్మ అర్థశాస్త్రం పేపరుకు ఈసారి రెండు దారులు పెట్టాం. ఇష్టపడ్డవాళ్లు రికార్డు చేసిన వీడియోలతో, వారానికో ఆన్‌లైన్ క్విజ్‌తో చదువుకున్నారు. మిగతావాళ్లు రోజూ తరగతికి వచ్చారు. సెమిస్టర్ పరీక్షలో ఆన్‌లైన్ వాళ్ల సగటు 9 మార్కులు ఎక్కువ వచ్చింది. ఆన్‌లైనే మేలని ప్రిన్సిపాల్‌గారికి నివేదిక ఇవ్వవచ్చా? (ఒక అధ్యాపకురాలు, తణుకు)

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి మేడమ్. ఆ 9 మార్కుల్లో పాఠం వాటా ఎంతో, పిల్లల వాటా ఎంతో ఇంకా విడిపోలేదు. ఎవరికి ఏది కావాలో వాళ్లే ఎంచుకున్నారు కదా. సొంత ఫోను, మంచి నెట్, ఒంటరిగా కూర్చుని చదివే అలవాటు ఉన్నవాళ్లే ఆన్‌లైన్ వైపు వెళ్లి ఉండవచ్చు. వాళ్లను ఏ పద్ధతిలో కూర్చోబెట్టినా ఆ మార్కులు వచ్చేవేమో. దీనికి ఎదురుగానూ జరగవచ్చు. పగలు పని చేసుకుంటూ చదివే పిల్లలు ఆన్‌లైన్ ఎంచుకుంటే, పాఠం బాగున్నా సగటు తగ్గుతుంది.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బ్రౌన్, లీడ్‌హోమ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటి పరిస్థితినే పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. తరగతి, సగం తరగతి సగం వెబ్, పూర్తిగా వెబ్ అని మూడు పద్ధతులను పోల్చారు. అక్కడ వెబ్ ఎంచుకున్నవాళ్ల ప్రవేశ పరీక్ష స్కోర్లు తరగతి పిల్లల కన్నా మెరుగు. ఆ తేడాను లెక్కలోకి తీసుకున్నాక చూస్తే పరీక్షలో వెనకబడింది వెబ్ పిల్లలే. నిర్వచనాల్లాంటి తేలిక ప్రశ్నల్లో పెద్ద తేడా లేదు. భావనను కొత్త సందర్భానికి అన్వయించాల్సిన కష్టమైన ప్రశ్నల్లోనే అంతరం బయటపడింది. మొత్తం మార్కుల్ని మాత్రమే చూస్తే ఈ సంగతి తెలిసేది కాదు.

మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. డిగ్రీలో 'పరిచయ' పేపరు అంటున్నాం గానీ, సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ నుంచి వచ్చినవాళ్లు ఇంటర్‌లో రెండేళ్లు అర్థశాస్త్రం చదివే వచ్చారు. బైపీసీ, ఎంపీసీ పిల్లలకు డిమాండ్ రేఖ గీయడమే కొత్త. మీ రెండు గుంపుల్లో ఏ గ్రూపు వాళ్లు ఎందరున్నారో ముందు లెక్కపెట్టండి. ఆ 9 మార్కుల్లో చాలా భాగం అక్కడే తేలిపోవచ్చు.

ఇప్పటికి చేయగలిగింది ఇది. ప్రతి విద్యార్థికీ ఇంటర్ మార్కులు, ఇంటర్ గ్రూపు, చదివిన మీడియం, రోజుకు ఎన్ని గంటలు పనికి వెళ్తారు, ఫోను సొంతమా ఇంట్లోవాళ్లదా అన్నవి ఒక ఎక్సెల్ షీటులో ఎక్కించండి. సెమిస్టర్ మార్కును వీటన్నిటితో కలిపి రిగ్రెషన్ చేయండి, అంటే మిగతావి సమానంగా ఉంటే ఒక్కో అంశం మార్కును ఎంత మారుస్తుందో లెక్కించండి. ఆన్‌లైన్‌కు 1, తరగతికి 0 అని ఒక నిలువు వరుస ఉంటుంది. దాని గుణకమే సర్దుబాటు చేసిన తేడా. 9 మార్కులు 3కి పడిపోతే విషయం అర్థమైనట్టే. పడిపోకపోయినా నివేదికలో 'పిల్లలు తామే ఎంచుకున్నారు' అన్న మాట తప్పక రాయండి. పట్టుదల, ఇంట్లో ప్రశాంతత లాంటివి ఏ నిలువు వరుసలోనూ ఇమడవు.

వచ్చే సెమిస్టర్‌లో మాత్రం చీటీ వేయండి. ముందుగా పిల్లలందరికీ విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఒప్పుకోనివాళ్లను వాళ్లకు నచ్చిన సెక్షన్‌లో ఉంచి, పోలికలో కలపకుండా వదిలేయండి. ఒప్పుకున్నవాళ్లను ఇంటర్‌లో అర్థశాస్త్రం చదివినవాళ్లు, చదవనివాళ్లు అని రెండు జాబితాలు చేయండి. ఒక్కో జాబితాను ఇంటర్ మార్కుల వరుసలో పేర్చి, పక్కపక్కనున్న ఇద్దరిద్దరిని ఒక జంటగా కట్టండి. ప్రతి జంటకూ ఒక బొమ్మా బొరుసు వేసి ఒకరిని ఆన్‌లైన్‌కు, ఒకరిని తరగతికి పంపండి. చీటీ పడ్డాక 'మా అబ్బాయిని మార్చండి' అన్న సిఫార్సులకు లొంగకూడదు. పదిమందిని మార్చారంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. తప్పక మార్చాల్సి వస్తే మార్చండి గానీ, లెక్కలో మాత్రం చీటీలో పడ్డ సెక్షన్ కిందే ఉంచండి.

రెండు సెక్షన్లకూ అధ్యాపకులు ఒక్కరే ఉండాలి. ఆన్‌లైన్‌కు ఒకరు, తరగతికి మరొకరు చెబితే, చివరికి మీరు కొలిచేది ఆ ఇద్దరి మధ్య తేడానే అవుతుంది. సిలబస్, అసైన్‌మెంట్లు, పరీక్ష పేపరు అన్నీ ఒకటే ఉండాలి. తరగతి పిల్లలకు కూడా వీడియోలు ఇవ్వాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. ఇస్తే 'తరగతి ప్లస్ వీడియో'ను 'వీడియో'తో పోలుస్తున్నారు. ఇవ్వకపోతే 'తరగతి'ని 'వీడియో'తో పోలుస్తున్నారు. రెండూ సబబైన పోలికలే, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఇవ్వకూడదనుకుంటే లింకులు వాట్సాప్‌లో తిరగకుండా లాగిన్ పెట్టండి. పరీక్షలయ్యాక వీడియోలు అందరికీ తెరవండి. అది న్యాయం.

ప్రశ్న: పరిశోధన వ్యాసాలు తిరగేస్తుంటే ఒకరు తేడా లేదంటారు, ఇంకొకరు ఆన్‌లైన్‌లో నష్టమంటారు. ఎవరిని నమ్మాలి? (ఒక పరిశోధక విద్యార్థి, గుంటూరు)

జవాబు: ఒక్కొక్కరు దేనిని దేనితో పోల్చారో చూడండి. చాలావరకు తగాదా అక్కడే తీరిపోతుంది. పరిచయ అర్థశాస్త్రంలో, లాటరీ పద్ధతిలో విద్యార్థుల్ని విడదీసి చేసిన అధ్యయనాలు కొన్ని గట్టివి ఉన్నాయి.

ఫిగ్లియో, రష్, యిన్ అనే ముగ్గురు ఒక పెద్ద అమెరికన్ విశ్వవిద్యాలయంలో సూక్ష్మ అర్థశాస్త్రం విద్యార్థుల్లో ముందుకొచ్చిన 300 మందికి పైగా తీసుకున్నారు. కొందరు హాల్లో కూర్చుని పాఠం విన్నారు, కొందరు అదే అధ్యాపకుడి అదే పాఠాన్ని ఇంటర్నెట్‌లో చూశారు. మిగతావన్నీ ఇద్దరికీ సమానం. 2013లో అచ్చయిన ఫలితం ప్రకారం తరగతి వైపు కాస్త మొగ్గు ఉంది. మగపిల్లల్లో, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) విద్యార్థుల్లో, అంతకుముందు తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఆ మొగ్గు స్పష్టంగా కనిపించింది.

న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీలో జాయిస్, ఆయన సహచరులు 725 మందిని లాటరీ వేశారు. కొందరికి వారానికి రెండు తరగతులు, కొందరికి ఒక్కటే. ఆన్‌లైన్ సామగ్రి అందరికీ ఒకటే. పాల్గొన్నవారు 96 శాతం, ఇది అరుదైన సంగతి. 2015లో ప్రచురించిన ఫలితంలో మధ్యంతర, తుది పరీక్షలు కలిపి చూస్తే రెండు తరగతుల వాళ్లు నూటికి 2.3 పాయింట్లు ముందున్నారు. అంటే ఇక్కడ కొలిచింది తరగతి గంటలు సగానికి తగ్గిస్తే ఏమవుతుందన్నది. 'ఆన్‌లైన్ వల్ల నష్టం' అని దీన్ని ఉదహరించడం తప్పు.

అల్‌పర్ట్, కౌచ్, హార్మన్ అనే ముగ్గురు తరగతి, మిశ్రమం (కొంత తరగతి, కొంత ఆన్‌లైన్), పూర్తి ఆన్‌లైన్ అనే మూడు పద్ధతుల్నీ పక్కపక్కనే పెట్టారు. 2016లో వచ్చిన వాళ్ల ఫలితంలో పూర్తి ఆన్‌లైన్ వాళ్లు తుది పరీక్షలో 5 నుంచి 10 పాయింట్లు వెనకబడ్డారు. మిశ్రమ పద్ధతికి, తరగతికి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కోవిడ్ కాలంలో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో జరిగింది ఇంకో రకం. అక్కడ పరిచయ అర్థశాస్త్రం అందరూ తప్పక చదవాలి. 551 మందిని, 12 మంది అధ్యాపకుల సెక్షన్లలో లాటరీ ప్రకారం ప్రత్యక్ష తరగతికీ, అదే సమయంలో జరిగే ఆన్‌లైన్ తరగతికీ పంచారు. ఇక్కడ రికార్డింగ్ కాదు, మనం మీట్‌లోనో జూమ్‌లోనో చెప్పినట్టు చెప్పే పాఠం. ఆన్‌లైన్ వాళ్ల తుది గ్రేడు 0.215 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర తగ్గింది. చదువులో వెనకబడినవాళ్లలో తగ్గుదల మరీ ఎక్కువ. ఆ 0.215 ఎంతో ఊహకు అందాలంటే, నూరుమందిలో పైనుంచి 50వ స్థానంలో ఉండే విద్యార్థి సుమారు 58వ స్థానానికి జారినట్టు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు కనిపించేది ఇదీ: మిశ్రమ పద్ధతిలో నష్టం చిన్నది, ఒక్కోసారి అసలు కనిపించదు. పూర్తి ఆన్‌లైన్‌లో నష్టం ఉంటుంది, అది ఎక్కువగా బలహీన విద్యార్థుల మీదే పడుతుంది. కాబట్టి మీ సిద్ధాంత వ్యాసంలో ఒక్క సగటుతో ఆగకండి. ప్రవేశ మార్కుల్ని బట్టి పై సగం, కింది సగం విడిగా చూపించండి. అయితే ఆ విభజన చేస్తామని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఫలితాలు వచ్చాక ఇరవై రకాలుగా విడదీసి చూస్తే, ఎక్కడో ఒకచోట ఊరికే 'తేడా' దొరుకుతుంది.

ప్రశ్న: పూర్వ పరీక్ష, తుది పరీక్ష పెట్టమంటున్నారు. ఎన్ని ప్రశ్నలు, ఎలాంటివి ఉండాలి? (ఒక అధ్యాపకుడు, కరీంనగర్)

జవాబు: అమెరికాలో దీనికోసమే తయారైన ప్రామాణిక పరీక్ష ఒకటి ఉంది, పేరు టీయూసీఈ (టెస్ట్ ఆఫ్ అండర్‌స్టాండింగ్ ఇన్ కాలేజ్ ఎకనామిక్స్). నాలుగో కూర్పులో సూక్ష్మ అర్థశాస్త్రానికి 30, స్థూల అర్థశాస్త్రానికి 30 బహుళైచ్ఛిక ప్రశ్నలున్నాయి. దాన్ని యథాతథంగా ఇక్కడ పెట్టవద్దు. డాలర్లు, అక్కడి సంస్థలు, అక్కడి సిలబస్ మన పిల్లలకు అడ్డుపడతాయి. దాని నిర్మాణం మాత్రం పాటించదగ్గది.

మీ సిలబస్‌లోని యూనిట్లను అడ్డు వరుసల్లో, ప్రశ్న స్థాయిని నిలువు వరుసల్లో వేసి ఒక పట్టిక గీయండి. స్థాయిలు మూడు చాలు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం. మొత్తం 24 ప్రశ్నలనుకుంటే మొదటి దానికి 6, రెండోదానికి 8, మూడోదానికి 10 ఇవ్వండి. మామూలు ప్రశ్నపత్రాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. అందుకే రెండు పద్ధతులూ సమానంగా కనిపిస్తాయి. మార్కెట్లో దొరికే గైడు బట్టీ పడితే వచ్చే మార్కుల్ని ఏ పాఠమూ మార్చలేదు కదా.

ప్రశ్నలో ప్రాణమంతా తప్పు జవాబుల్లో ఉంటుంది. ఉదాహరణకు:

వర్షాలకు పంట దెబ్బతిని మార్కెట్‌కు వచ్చే ఉల్లి తగ్గింది. కిలో 25 రూపాయల నుంచి 60కి చేరింది. జనం తక్కువ ఉల్లి కొన్నారు. రేఖల్లో జరిగిందేమిటి?
అ) డిమాండ్ రేఖ ఎడమకు జరిగింది.
ఆ) సప్లై రేఖ ఎడమకు జరిగింది, అదే డిమాండ్ రేఖ మీద పైకి కదిలాం.
ఇ) రెండు రేఖలూ ఎడమకు జరిగాయి.
ఈ) సప్లై రేఖ ఎడమకు జరిగింది, ధర పెరగడంతో డిమాండ్ రేఖ కూడా జరిగి ధర మళ్లీ పాత చోటికి వచ్చింది.

సరైనది ఆ. 'అ' పెట్టినవాడు కొనుగోలు తగ్గడాన్నే చూశాడు, కారణం చూడలేదు. 'ఇ' పెట్టినవాడు డిమాండ్ మారడానికీ, డిమాండ్ చేసిన పరిమాణం మారడానికీ తేడా పట్టుకోలేదు. 'ఈ' పెట్టినవాడు ధర మార్పే రేఖను కదిలిస్తుందనుకుంటున్నాడు. ఈ పొరపాటు పాఠం విన్న తర్వాత కూడా మొండిగా నిలుస్తుంది. ఏ సెక్షన్‌లో ఏ తప్పు ఎంత తగ్గిందో చూస్తే, మొత్తం మార్కు చెప్పలేనిది అది చెబుతుంది.

వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంతగా మారుతుందన్నది) మీద కూడా సూత్రం అడగకండి. 'బస్సు చార్జీ 10 శాతం పెంచితే ప్రయాణికులు 4 శాతం తగ్గారు, ఆదాయం ఏమైంది?' అని అడగండి. 1.10ని 0.96తో గుణిస్తే 1.056, అంటే ఆదాయం 5.6 శాతం పెరిగింది. లెక్క వేయలేకపోయినా డిమాండ్ అవ్యాకోచమని, అంటే ధర పెరిగినంతగా కొనుగోలు తగ్గదని గ్రహించినవాడు జవాబు పెట్టగలడు. అలాంటి ప్రశ్నే కావాలి.

తయారైన పేపరును అసలు విద్యార్థుల మీద వాడకముందు, ఆ సబ్జెక్టు నిరుడు చదివిన ఓ 60 మందికి ఇచ్చి చూడండి. మార్కుల వరుసలో పై 27 శాతం, కింది 27 శాతం, అంటే 16 మంది చొప్పున విడదీయండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 13 మంది, కిందివాళ్లలో 5 మంది సరిగా రాస్తే, 13లోంచి 5 తీసి 16తో భాగిస్తే 0.5. ఆ ప్రశ్న చక్కగా పనిచేస్తోంది. 0.2 కన్నా తక్కువ వస్తే తిరగరాయండి. రుణ సంఖ్య వచ్చిందంటే చాలావరకు కీ తప్పయినా ఉంటుంది, ప్రశ్నకు రెండు జవాబులైనా ఉంటాయి. పేపరు మొత్తానికి క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) 0.7 దాటేలా చూసుకోండి. ప్రశ్నలు తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కనే అచ్చువేయండి. లేకపోతే మీ పరీక్ష అర్థశాస్త్రంతో పాటు ఇంగ్లిషును కూడా కొలుస్తుంది.

పూర్వ పరీక్షకు మార్కుల్లేవని తెలిస్తే పిల్లలు పది నిమిషాల్లో గీతలు పెట్టి లేచిపోతారు. అప్పుడు తుది పరీక్షలో పెరుగుదల లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది. హాజరై పూర్తిగా రాసినందుకు ఇంటర్నల్స్‌లో ఒకటి రెండు మార్కులు ఇవ్వండి. వచ్చిన స్కోరుకు ఇవ్వకండి. ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, ఫోన్లు బయట పెట్టించండి. ఒక్క ఫొటో బయటికి వెళ్తే తుది పరీక్షకు ఆ పేపరు పనికిరాదు.

ప్రశ్న: నాలుగు ఐచ్ఛికాల పరీక్షలో పూర్వ సగటు 35 శాతం, తుది సగటు 60 శాతం. పెరుగుదల 25 అని రాయాలా? ఊహించి పెట్టినవాటిని ఎలా తీసేయాలి? (ఒక అధ్యాపకురాలు, ఖమ్మం)

జవాబు: ముందు ప్రతి విద్యార్థి, ప్రతి ప్రశ్నకు రెండు పరీక్షల్లో ఏం రాశాడో జతచేయండి. నాలుగు గదులు వస్తాయి. ముందు తప్పు, తర్వాత సరి: కొత్తగా నేర్చుకున్నది. రెండుసార్లూ సరి: నిలిచినది. ముందు సరి, తర్వాత తప్పు: చేజారినది. రెండుసార్లూ తప్పు: అసలు అందనిది. ఈ విభజనను వాల్‌స్టాడ్, వాగ్నర్ అనే ఆర్థికశాస్త్ర బోధన పరిశోధకులు 2016లో ప్రతిపాదించారు. మీ తరగతిలో ఇవి వరుసగా 35, 25, 10, 30 శాతం అనుకుందాం. పూర్వ సగటు 25, 10 కలిపి 35. తుది సగటు 35, 25 కలిపి 60. పెరుగుదల 35లోంచి 10 పోగా 25. అంకెలు సరిపోయాయి.

ఇప్పుడు ఊహ సంగతి. ఏమీ తెలియనివాడు కళ్లు మూసుకుని పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది. కాబట్టి నిజంగా తెలిసినవాళ్ల వాటా కావాలంటే స్కోరులోంచి 25 తీసి 75తో భాగించాలి. పూర్వం 10ని 75తో భాగిస్తే 13.3 శాతం. తుదికి 35ని 75తో భాగిస్తే 46.7 శాతం. నిజమైన పెరుగుదల 33.3. ఊహను తీసేస్తే పెరుగుదల తగ్గుతుందనే చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది పెరిగింది, ఎందుకంటే ఊహ పూర్వ స్కోరునే ఎక్కువగా ఉబ్బించింది.

చేజారిన ఆ 10 శాతం చూసి కంగారు పడకండి. చివరికి కూడా తెలియనివాళ్ల వాటా 53.3 శాతం. అలాంటివాడు మొదటిసారి ఊహతో సరిగా పెట్టి, రెండోసారి తప్పు పెట్టే అవకాశం పావును ముప్పావుతో గుణిస్తే వస్తుంది, అంటే 18.75 శాతం. 53.3లో 18.75 శాతం సరిగ్గా 10. అంటే ఈ తరగతిలో ఎవరూ నేర్చుకున్నది మరిచిపోలేదు, ఆ గది మొత్తం ఊహతోనే నిండింది. ఈ లెక్కను ఆన్‌లైన్, తరగతి సెక్షన్లకు విడివిడిగా వేయండి. ఒక సెక్షన్‌లో చేజారినది ఊహకు మించి ఉంటే, ఏ ప్రశ్నల్లో అలా జరిగిందో తీసి చూడండి. ఆ భావన మీద మీ వీడియోయే అయోమయం పెంచి ఉండవచ్చు.

ప్రశ్న: రెండు సెక్షన్లలో 40 మంది చొప్పున లాటరీ వేశాం. తేడా 4 మార్కులు, పీ విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) 0.23. 'తేడా లేదు' అని రాస్తే సరేనా? (ఒక అధ్యాపకుడు, శ్రీకాకుళం)

జవాబు: 'తేడా లేదు' అనడం వేరు, 'ఇంతమందితో తేడా తేల్చలేకపోయాం' అనడం వేరు. మీకు వచ్చింది రెండోది. మార్కుల ప్రామాణిక విచలనం 15 అనుకుంటే, 40 మంది చొప్పున ఉన్నప్పుడు తేడాకు ప్రామాణిక దోషం (కాకతాళీయంగా అటూఇటూ ఊగే మేర) సుమారు 3.35 మార్కులు. 95 శాతం విశ్వాస అంతరం (నిజమైన తేడా ఉండగల హద్దులు) రెండు వైపులా 6.6 మార్కులు. అంటే మీ 4 మార్కుల తేడా నిజానికి మైనస్ 2.6 నుంచి ప్లస్ 10.6 దాకా ఏదైనా కావచ్చు. నివేదికలో పీ విలువ కన్నా ఈ అంతరమే రాయండి.

ఎంతమంది కావాలో ముందే చూసుకోవడానికి ఒక సులువు సూత్రం ఉంది. పట్టుకోవాలనుకున్న తేడాను ప్రామాణిక విచలనంతో భాగించి, ఆ అంకె వర్గంతో 16ను భాగించండి. ఒక్కో సెక్షన్‌కు కావలసిన సంఖ్య అదే. తేడా 0.5 అయితే 64 మంది. వెస్ట్ పాయింట్‌లో కనిపించినట్టు 0.2 దగ్గర అయితే 400 మంది. ఇది లేని తేడాను ఉన్నట్టు పొరబడే అవకాశాన్ని 5 శాతానికి పరిమితం చేసి, ఉన్న తేడాను నూటికి 80 సార్లు పట్టుకునే లెక్క.

400 మంది ఒకే కాలేజీలో దొరకరు కాబట్టి మూడు దారులున్నాయి. మొదటిది పూర్వ పరీక్ష. పూర్వ, తుది మార్కుల సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె) 0.6 ఉంటే, తుది మార్కును పూర్వ మార్కుతో కలిపి రిగ్రెషన్ చేసినప్పుడు కావలసిన సంఖ్య 36 శాతం తగ్గుతుంది: 400 కాస్తా 256 అవుతుంది. రెండోది అదే ప్రయోగాన్ని అదే పేపరుతో నాలుగైదు సెమిస్టర్లు నడిపి కలపడం. మూడోది పక్క కాలేజీలతో చేతులు కలపడం.

మూడో దారిలో ఒక గొయ్యి ఉంది. కాలేజీ మొత్తాన్ని ఒక పద్ధతికి, ఇంకో కాలేజీని ఇంకో పద్ధతికి కేటాయించవద్దు. ఒకే తరగతిలో కూర్చున్నవాళ్ల మార్కులు ఒకదానితో ఒకటి పోలి ఉంటాయి. 60 మంది తరగతిలో ఆ పోలిక 0.05 మాత్రమే ఉన్నా, 59ని 0.05తో గుణించి 1 కలిపితే 3.95. మొత్తం సంఖ్యను దీనితో భాగించాలి, అంటే అలాంటి నాలుగు తరగతుల 240 మంది దాదాపు 60 మందితో సమానం. ప్రతి కాలేజీలోనూ లోపలే చీటీ వేసి, రెండు పద్ధతులూ నడపండి. అప్పుడు ఆ నష్టంలో చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ సెక్షన్‌లో 50 మంది మొదలుపెట్టి 40 మందే తుది పరీక్ష రాశారు. తరగతిలో 50కి 46. రాసినవాళ్ల సగటులనే పోల్చవచ్చా? (ఒక అధ్యాపకురాలు, నంద్యాల)

జవాబు: అది ఒక్కటే పోల్చితే ఆన్‌లైన్‌కు లేని గొప్పతనం వస్తుంది. మధ్యలో మానేసింది ఎక్కువగా బలహీనులే అయితే మిగిలినవాళ్ల సగటు దానంతటదే పైకి లేస్తుంది. ముందుగా, పరీక్ష రాసినవాళ్ల శాతాలనే ఒక ఫలితంగా చెప్పండి: ఆన్‌లైన్‌లో 80, తరగతిలో 92. కాలేజీకి ఇది మార్కుల కన్నా పెద్ద వార్త.

తర్వాత హద్దులు వేయండి. తరగతి 46 మందిని ఆన్‌లైన్ 40తో సమం చేయడానికి 6 మందిని తీయాలి. ఒకసారి పై మార్కులు వచ్చిన 6 మందిని తీసి తేడా లెక్కించండి, ఇంకోసారి కింది 6 మందిని తీసి లెక్కించండి. ఆర్థికవేత్త డేవిడ్ లీ 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. నిజమైన తేడా ఆ రెండిటి మధ్య ఉంటుంది. రెండు హద్దులూ సున్నాకు ఒకే వైపు ఉంటే ధైర్యంగా చెప్పవచ్చు. రెండు వైపులా ఉంటే మీ సమాచారం ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు, ఎన్ని రిగ్రెషన్లు చేసినా అంతే.

మానేసిన పదిమందికీ ఫోను చేసి కారణం అడగండి. డేటా అయిపోయిందా, పనిలో చేరారా, పాఠం అర్థం కాలేదా? మూడిటికీ మందు వేరు.

ప్రశ్న: వీడియోలు ఎక్కువ నిమిషాలు చూసినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చినట్టు ఎల్‌ఎంఎస్ (ఆన్‌లైన్ పాఠాలు నడిపే సాఫ్ట్‌వేర్) లాగ్ చూపిస్తోంది. ఇది సాక్ష్యం కాదా? (ఒక పరిశోధకుడు, హైదరాబాద్)

జవాబు: కష్టపడేవాడు వీడియోలూ ఎక్కువ చూస్తాడు, పుస్తకమూ ఎక్కువ చదువుతాడు. ఆ సహసంబంధం వీడియో ప్రభావాన్ని చూపదు. పైగా లాగ్ కొలిచేది వీడియో ఆడిన సమయాన్ని. ఒకే ఫోను మీద ముగ్గురు చూస్తే ఒక్కరి పేరే పడుతుంది. డౌన్‌లోడ్ చేసుకుని చూసినవాడు అసలు కనిపించడు. వీడియో ఆడుతుండగా నిద్రపోయినవాడు శ్రద్ధాళువుగా నమోదవుతాడు. లాగ్‌ను పాఠం నిజంగా అందిందా అని సరిచూసుకోవడానికి వాడండి. 12 నిమిషాల వీడియోను 4వ నిమిషంలోనే సగం మంది వదిలేస్తుంటే, ఆ చోట ఏముందో చూడండి.

ప్రశ్న: ఆన్‌లైన్ పిల్లలకు ఇంట్లోంచే, తరగతి పిల్లలకు హాల్లో పరీక్ష పెట్టాం. ఆ మార్కులను పోల్చవచ్చా? (ఒక అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: అయితే ఆ మార్కులను పోల్చలేం. ఇద్దరినీ ఒకే రోజు, ఒకే హాల్లో, కలిపి కూర్చోబెట్టి రాయించండి. జవాబు పత్రం మీద సెక్షన్ పేరు లేకుండా కోడ్ నంబరు వేయండి. దిద్దేవారికి ఎవరు ఏ పద్ధతో తెలియకూడదు.

ప్రశ్న: ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో 85 శాతం మంది ఆన్‌లైన్‌లోనే బాగా అర్థమైందని రాశారు. స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సుల క్రెడిట్లు తీసుకునే విషయం కాలేజీ తేల్చాలి. వీటి మీద ఆధారపడవచ్చా? (ఒక విభాగాధిపతి, విశాఖపట్నం)

జవాబు: యూజీసీ 2016 నిబంధనల్లో స్వయం ద్వారా 20 శాతం క్రెడిట్ల దాకా తీసుకోనిచ్చింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. ఇంత పెద్ద వాటా మీద నిర్ణయం కాబట్టి ఫారాలతో సరిపెట్టకండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం విద్యార్థులపై చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తామే ఎక్కువ నేర్చుకున్నామని భావించారు. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చింది మాత్రం తామే సమస్యలు సాధిస్తూ నేర్చుకున్న గుంపుకు. సాఫీగా సాగిన పాఠం అర్థమైనట్టే అనిపిస్తుంది. ఫారాలు సౌకర్యం గురించి చెబుతాయి, ఆ మేరకు వాటికీ విలువ ఉంది.

మీ నిర్ణయానికి రెండు అంకెలు కావాలి. ఒకటి, సెలవుల తర్వాత పెట్టే పరీక్ష. తుది పరీక్షలోని అన్వయ ప్రశ్నల్లాంటివే కొత్తగా 10 తయారుచేసి, నాలుగు నెలల తర్వాత ముందుగా చెప్పకుండా రెండు సెక్షన్లకూ ఇవ్వండి. రెండోది, తర్వాతి సెమిస్టర్‌లో స్థూల అర్థశాస్త్రం పేపరులో ఈ రెండు సెక్షన్ల పిల్లలకు వచ్చిన మార్కులు. ఆ పేపరు అందరికీ తరగతిలోనే చెబుతారు కాబట్టి, అక్కడ కనిపించే తేడా మొదటి పేపరులో వేసిన పునాది తేడా. ఈ మార్కులు కాలేజీ ఆఫీసులోనే ఉంటాయి. హాల్ టికెట్ నంబరుతో జతచేయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది.